బ్రూటస్ కావాలనుకున్న ఆంటోనీ: జాన్ విల్క్స్ బూత్ జీవితం

1864 నవంబరు 25 రాత్రి న్యూయార్క్‌లోని వింటర్ గార్డెన్ థియేటర్‌లో షేక్స్‌పియర్ నాటకం 'జూలియస్ సీజర్'ను ఒకే ఒక్క ప్రదర్శనగా వేశారు. సెంట్రల్ పార్కులో షేక్స్‌పియర్ విగ్రహం నిలబెట్టడానికి నిధులు పోగుచేయడం దాని ఉద్దేశం. ఆనాటి అమెరికా రంగస్థలంపై పేరు మోసిన ముగ్గురు అన్నదమ్ములు కలిసి వేదిక ఎక్కడం అదే మొదలు, అదే ఆఖరు. పెద్దవాడు జూనియస్ బ్రూటస్ బూత్ జూనియర్ కాసియస్‌గా, ఎడ్విన్ బ్రూటస్‌గా, ముగ్గురిలో చిన్నవాడైన జాన్ విల్క్స్ మార్క్ ఆంటోనీగా వేషాలు కట్టారు. నాటకం నడుస్తుండగానే అగ్నిప్రమాదం జరిగిందన్న కేక వినబడి ప్రేక్షకులు కంగారుగా లేచారు. అప్పుడు దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీ పంపిన మనుషులు ఆ రాత్రి నగరంలోని అనేక హోటళ్లకు నిప్పు పెట్టారు. వాటిలో ఒకటి థియేటర్ గోడకు ఆనుకునే ఉంది. ఎడ్విన్ ముందుకు వచ్చి జనాన్ని శాంతపరచిన తరువాత ప్రదర్శన కొనసాగింది.

సరిగ్గా 140 రోజులకు ఆ ఆంటోనీ వాషింగ్టన్‌లోని మరో థియేటర్‌లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ను వెనుకనుంచి కాల్చి చంపి, తనను తాను సీజర్‌ను పొడిచిన బ్రూటస్‌తో పోల్చుకున్నాడు. సీజర్ హత్య ఆ నాటకానికి ముగింపు కాదు. అది మూడవ అంకంలోనే అయిపోతుంది. మిగిలిన కథంతా ఆ హత్య హంతకులు కోరుకున్న దానికి సరిగ్గా వ్యతిరేకమైన ఫలితాన్ని ఎలా ఇచ్చిందో చెబుతుంది. జనాన్ని హంతకుల మీదికి తిప్పేది ఆంటోనీ ప్రసంగమే. ఆ ప్రసంగాన్ని వేదికపై నిలబడి పలికిన మనిషే దాని అర్థాన్ని పట్టించుకోకపోవడం బూత్ జీవితంలో అన్నిటికన్నా ఆలోచింపజేసే విషయం.

బూత్‌ను పిచ్చివాడని కొందరు, అన్న కీర్తి చూసి ఓర్వలేక ఏదో ఒకటి చేసి పేరు తెచ్చుకోవాలనుకున్న నటుడని మరికొందరు తేల్చివేస్తూ వచ్చారు. ఈ రెండు వివరణలూ సులువైనవి. రెండూ అతని రాజకీయాన్ని పక్కకు నెట్టివేస్తాయి. అతడు ఏం నమ్మాడో స్వయంగా రాసిపెట్టాడు. ఆ రాతలను చదివితే రంగస్థలం అతనికి హత్య చేసే వీలును, పద్ధతిని, తప్పించుకునే దారిని ఇచ్చిందే గాని కారణాన్ని ఇవ్వలేదని తెలుస్తుంది. కారణం బానిసత్వం, దాని వెనుక ఉన్న శ్వేతజాతి ఆధిపత్యం. వీటితో పాటు రంగస్థలం అతనికి ఒక భ్రమను కూడా ఇచ్చింది. ప్రేక్షకులు తన పక్షానే ఉంటారన్నది ఆ భ్రమ.

బూత్ 1838 మే 10న మేరీలాండ్ రాష్ట్రంలో బెల్ ఎయిర్ దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రంలో పుట్టాడు. పదిమంది సంతానంలో తొమ్మిదవవాడు. తండ్రి జూనియస్ బ్రూటస్ బూత్ లండన్ రంగస్థలంపై పేరు తెచ్చుకుని, 1821లో భార్యను, కొడుకును ఇంగ్లాండులో వదిలి మేరీ ఆన్ హోమ్స్‌తో కలిసి అమెరికాకు వచ్చిన షేక్స్‌పియర్ నటుడు. మొదటి భార్య నుంచి విడాకులు 1851లో గాని రాలేదు. ఆ తరువాత తల్లిదండ్రుల వివాహం జరిగిన రోజు జాన్‌కు సరిగ్గా పదమూడేళ్లు నిండాయి. ఆనాటి సమాజంలో ఇది పిల్లలకు చిన్న మచ్చ కాదు. రోమ్‌లో రాజరికాన్ని కూలదోసిన మరో బ్రూటస్ పేరు తండ్రికి ఉంటే, రాజును ఎదిరించిన ఇంగ్లాండు రాజకీయ నాయకుడు జాన్ విల్క్స్ పేరు కొడుకుకు పెట్టారు. ఆ విల్క్స్ వారికి దూరపు బంధువు కూడా. 'నిరంకుశుడు' అన్న మాట ఆ ఇంట్లో నాటకాల్లోనే కాకుండా పేర్లలోనూ వినబడేది.

తండ్రి గొప్ప నటుడు, తాగుబోతు, మతిస్తిమితం అప్పుడప్పుడు తప్పేవాడు. జంతువులను చంపడం పాపమని నమ్మి మాంసం ముట్టని మనిషి. అలాంటివాడే 1835లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు, నిద్రలో ఉండగా గొంతు కోస్తానని బెదిరిస్తూ ఉత్తరం రాశాడు. మరణశిక్ష పడ్డ ఇద్దరికి క్షమాభిక్ష పెట్టమన్నది అందులోని కోరిక. దానిని ఎవరూ తీవ్రంగా తీసుకోలేదు. కొడుకు చేసిన పనికి ఈ ఉత్తరంలో వంశపారంపర్యమైన సూచన వెతకడం ఆకర్షణీయంగానే ఉంటుంది గాని, అదే తండ్రి పెంపకంలో పెరిగిన ఎడ్విన్ 1864 ఎన్నికల్లో లింకన్‌కే ఓటు వేశాడన్న సంగతి ఆ వాదాన్ని నిలబడనివ్వదు.

తండ్రి 1852లో చనిపోయాడు. జాన్ పదిహేడేళ్ల వయసులో, 1855 ఆగస్టులో, బాల్టిమోర్‌లోని చార్లెస్ స్ట్రీట్ థియేటర్‌లో 'మూడవ రిచర్డ్' నాటకంలో రిచ్‌మండ్ పాత్రతో మొదటిసారి వేదిక ఎక్కాడు. 1857లో ఫిలడెల్ఫియాలోని ఆర్చ్ స్ట్రీట్ థియేటర్ కంపెనీలో వారానికి 8 డాలర్ల జీతానికి చేరినప్పుడు ఇంటిపేరు దాచి 'జె. బి. విల్క్స్' అని వేయించుకున్నాడు. అక్కడ మాటలు మరిచిపోయి నవ్వులపాలయ్యాడు. మరుసటి సంవత్సరం వర్జీనియాలోని రిచ్‌మండ్ కంపెనీలో చేరాడు. మన కంపెనీ నాటకాల రోజుల్లాగే అక్కడ కూడా ఊరికి వచ్చే పెద్ద నటుడి పక్కన నిలబడి రోజుకో వేషం వేయగలవాడే నటుడిగా బతికేవాడు. ఆ ఒక్క సంవత్సరంలో అతడు 83 నాటకాల్లో కనిపించాడు. అన్న ఎడ్విన్ గొంతు తగ్గించి, లోలోపలి సంఘర్షణను చూపే కొత్త పద్ధతి వైపు వెళితే, జాన్ కత్తియుద్ధాలు, ఎత్తైన చోట్ల నుంచి దూకడాలు, నిప్పులు కక్కే సంభాషణలతో జనాన్ని కట్టిపడేసే నటుడయ్యాడు. చూడచక్కని రూపం అతనిది. 1860 తరువాత నగరం నుంచి నగరానికి తిరుగుతూ ఏడాదికి 20,000 డాలర్ల వరకు సంపాదించేవాడు. దేశాధ్యక్షుడి జీతం అప్పుడు ఏడాదికి 25,000 డాలర్లు. విఫలుడైన నటుడు కసితో చేసిన హత్య అన్న కథకు ఈ అంకె ఒక్కటే సరైన జవాబు.

రిచ్‌మండ్ అతనికి వేషాలతో పాటు ఒక దేశాన్ని కూడా ఇచ్చింది. దక్షిణాది పెద్దింటివారు అతనిని తమవాడిగా చేరదీశారు. అతడు కూడా తాను దక్షిణాదివాడినే అనుకున్నాడు. 1859లో బానిసల తిరుగుబాటు లేవదీయడానికి హార్పర్స్ ఫెర్రీలోని ఆయుధాగారంపై దాడి చేసిన జాన్ బ్రౌన్‌కు ఉరిశిక్ష పడింది. ఆ ఉరికి కాపలాగా వెళ్తున్న రిచ్‌మండ్ గ్రేస్ అనే స్వచ్ఛంద దళంలో బూత్ యూనిఫాం తొడుక్కుని చేరి, డిసెంబరు 2న చార్లెస్ టౌన్‌లో ఉరికంబం దగ్గర నిలబడ్డాడు. బ్రౌన్ ఆశయాన్ని అసహ్యించుకుంటూనే, ఒంటరిగా నిలబడి చావును ఎదుర్కొన్న అతని ధైర్యాన్ని మాత్రం తరువాత మెచ్చుకునేవాడు. ఆశయాన్ని విడదీసి సాహసాన్ని మాత్రమే ఆరాధించడం నటుడి చూపు కావచ్చు. ఎవరి పాత్ర ఏదైనా, దానిని ఎంత బాగా పోషించారన్నదే అక్కడ కొలమానం.

రాజకీయాభిప్రాయాలు మాత్రం వేషంతో పాటు తీసివేసేవి కావు. కుర్రతనంలోనే అతడు వలసదారులను, క్యాథలిక్కులను వ్యతిరేకించే 'నో నథింగ్' పార్టీ సభల్లో తిరిగాడు. మేరీలాండ్ బానిసత్వం ఉన్న రాష్ట్రమే అయినా యుద్ధంలో ఉత్తరాది పక్షాన నిలిచింది, లేదా నిలపబడింది. 1861 ఏప్రిల్‌లో బాల్టిమోర్ వీధుల్లో సైనికులపై అల్లరి మూకలు దాడి చేశాయి. తరువాత లింకన్ హెబియస్ కార్పస్‌ను, అంటే నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కును నిలిపివేయడం, నాయకులను విచారణ లేకుండా నిర్బంధించడం అక్కడివారికి కళ్ల ముందే జరిగాయి. లింకన్ నిరంకుశుడన్న మాట బూత్ కనిపెట్టింది కాదు. అది ఉత్తరాదిలోని ప్రతిపక్ష పత్రికల్లో కూడా రోజూ వినబడేదే. అందులో కొంత న్యాయమైన విమర్శ కూడా ఉంది. అయితే బూత్ కోపానికి కేంద్రం హెబియస్ కార్పస్ కాదు. 1864లో రాసి, సోదరి ఏషియా ఇంట్లో భద్రపరచిన ఉత్తరంలో అతడు ఈ దేశం తెల్లవారి కోసం ఏర్పడింది, నల్లవారి కోసం కాదు అని స్పష్టంగా రాశాడు. బానిసత్వం దేవుడు ఒక దేశానికి ఇచ్చిన గొప్ప వరాల్లో ఒకటని కూడా అందులో ఉంది. మేరీలాండ్ కొత్త రాజ్యాంగం 1864 నవంబరు 1న ఆ రాష్ట్రంలో బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ రోజుల్లోనే బూత్ లింకన్‌పై కుట్రకు మనుషులను కూడగడుతున్నాడు.

ఇంతగా నమ్మినవాడు సైన్యంలో ఎందుకు చేరలేదన్నది అప్పటివారూ అడిగారు. యుద్ధానికి వెళ్లనని తల్లికి మాట ఇచ్చానని అతడు చెప్పుకున్నాడు. ప్రదర్శనల కోసం ఎక్కడికైనా వెళ్లే వీలున్నందున దక్షిణాదికి క్వినైన్ మందు దొంగచాటుగా చేరవేశానని ఏషియాతో అన్నాడు. 1864లో తల్లికి రాసిన ఉత్తరంలో మాత్రం, నాలుగేళ్లుగా ఉత్తరాదిలో తన మనసులోని మాటను ఇంట్లో కూడా చెప్పుకోలేని బానిసలా బతికానని, తనను తాను పిరికివాడిగా భావించి అసహ్యించుకోవడం మొదలైందని రాశాడు. బానిసత్వం దైవదత్తమని నమ్మినవాడు తన కష్టానికి పోలిక కావలసి వచ్చినప్పుడు 'బానిస' అన్న మాటనే వెతుక్కున్నాడు.

ఆ సంవత్సరమే అతడు నటనను దాదాపు మానేశాడు. గొంతు బొంగురుపోవడమే అందుకు కారణమన్న వాదం ఉంది. న్యూ ఆర్లియన్స్‌లో ఆ వసంతంలో గొంతు ఇబ్బంది పెట్టిన మాట నిజమే. కాని పెన్సిల్వేనియాలో చమురు బావుల కోసం 'డ్రమాటిక్ ఆయిల్ కంపెనీ' పెట్టి కొన్ని వేల డాలర్లు పోగొట్టుకోవడం, అక్టోబరులో కెనడాలోని మాంట్రియల్‌కు వెళ్లి కాన్ఫెడరసీ రహస్య ప్రతినిధులు మకాం వేసిన హోటల్లోనే దిగడం కూడా ఆ ఏడాదే జరిగాయి. మనసు వేదిక మీద లేదన్నది స్పష్టం. కాన్ఫెడరసీ ప్రభుత్వమే హత్యకు ఆజ్ఞ ఇచ్చిందనడానికి ఆనాటి సైనిక న్యాయస్థానం కూడా నిలబడే సాక్ష్యం చూపలేకపోయింది. రహస్య ప్రతినిధుల పరిచయాలు, దారి చూపే మనుషులు అతనికి అందివచ్చారన్నంత వరకే గట్టిగా చెప్పవచ్చు.

మొదట అనుకున్నది హత్య కాదు, అపహరణ. లింకన్‌ను పట్టి కాన్ఫెడరసీ రాజధాని రిచ్‌మండ్‌కు తరలించి, ఆయనకు బదులుగా వేలాది దక్షిణాది ఖైదీలను విడిపించాలన్నది ఆలోచన. ఖైదీల మార్పిడి ఎందుకు ఆగిపోయిందో ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పట్టుబడ్డ నల్లజాతి సైనికులను యుద్ధఖైదీలుగా గుర్తించడానికి కాన్ఫెడరసీ ఒప్పుకోలేదు. వారిని మినహాయించి మార్పిడికి ఉత్తరాది అంగీకరించలేదు. అంటే ఈ కుట్ర పుట్టిన ఇరుకు కూడా ఆ ఒక్క ప్రశ్న నుంచే వచ్చింది. బాల్టిమోర్ చిన్ననాటి మిత్రులు శామ్యూల్ ఆర్నాల్డ్, మైకేల్ ఓలాఫ్లిన్, కాన్ఫెడరసీ వార్తాహరుడు జాన్ సరాట్, మాజీ సైనికుడు లూయిస్ పావెల్, మందుల దుకాణంలో పనిచేసిన డేవిడ్ హెరాల్డ్, పడవలు నడిపే జార్జ్ అట్జెరాట్ ఈ బృందంలో ఉన్నారు. వాషింగ్టన్‌లో సరాట్ తల్లి మేరీ నడిపే అద్దె వసతిగృహం వారికి కలుసుకునే చోటైంది. 1865 మార్చి 17న లింకన్ ఒక సైనిక ఆసుపత్రిలో నాటకం చూడడానికి వెళ్తారని దారి కాచారు. ఆయన కార్యక్రమం మార్చుకుని మరో సభకు వెళ్లారు. ఆ సభ జరిగింది నేషనల్ హోటల్ దగ్గర. వాషింగ్టన్‌లో బూత్ బస అదే హోటల్లో. మరుసటి రోజు ఫోర్డ్స్ థియేటర్‌లో 'ది అపోస్టేట్' నాటకంలో పెస్కారాగా నటించాడు. అతని చివరి ప్రదర్శన అదే.

ఏప్రిల్ 3న రిచ్‌మండ్ పడిపోయింది. 9న దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయాడు. అపహరణకు అర్థం లేకుండా పోయింది. 11వ తేదీ రాత్రి శ్వేతసౌధం కిటికీ నుంచి లింకన్ చేసిన ప్రసంగం లూసియానా పునర్నిర్మాణం గురించి. అందులో, చదువు తెలివి గల నల్లవారికి, సైనికులుగా పోరాడిన నల్లవారికి ఓటు హక్కు ఇస్తే బాగుంటుందని ఆయన అన్నారు. ఒక అధ్యక్షుడు బహిరంగంగా ఆ మాట అనడం అదే మొదటిసారి. కింద గుంపులో పావెల్‌తో నిలబడ్డ బూత్, దీనర్థం నల్లవారికి పౌరసత్వం అని మండిపడి, ఇదే ఆయన చివరి ప్రసంగమవుతుందని అన్నాడు. హత్యకు కారణమేమిటన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి సమాధానం చరిత్రలో అరుదుగా దొరుకుతుంది.

ఏప్రిల్ 14 గుడ్ ఫ్రైడే. ఫోర్డ్స్ థియేటర్ చిరునామాకే బూత్‌కు ఉత్తరాలు వచ్చేవి. మధ్యాహ్నం వాటి కోసం వెళ్లినప్పుడు ఆ రాత్రి 'అవర్ అమెరికన్ కజిన్' అనే హాస్యనాటకానికి లింకన్ దంపతులు వస్తారని తెలిసింది. మిగిలిన ఎనిమిది తొమ్మిది గంటల్లో అతడు చేసినదంతా ప్రదర్శనకు ముందు రంగం సిద్ధం చేసే మనిషి పని. లాయంలో గుర్రం మాట్లాడుకున్నాడు. దుర్భిణి ఉన్న పొట్లాన్ని నగరం వెలుపల సరాట్ కుటుంబానికి చెందిన పూటకూళ్ల ఇంటికి చేర్చమని మేరీ సరాట్‌కు ఇచ్చాడు. తన చర్యకు కారణాలు వివరిస్తూ ఒక పత్రికకు ఉత్తరం రాసి, అందజేయమని తోటినటుడు జాన్ మాథ్యూస్‌కు అప్పగించాడు. అధ్యక్షుడిని తాను, విదేశాంగ మంత్రి విలియం సీవార్డ్‌ను పావెల్, ఉపాధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌ను అట్జెరాట్ ఒకే సమయంలో చంపాలని నిర్ణయించాడు. ప్రభుత్వానికి తల లేకుండా చేస్తే, ఇంకా లొంగిపోని దక్షిణాది సైన్యాలకు ఊపిరి వస్తుందని అతని లెక్క.

రంగస్థల జ్ఞానం పనికొచ్చింది ఇక్కడే. ఆ నాటకంలో ఏ మాటకు హాలు దద్దరిల్లేలా నవ్వుతుందో, ఆ క్షణంలో వేదికపై ఎంతమంది ఉంటారో బూత్‌కు కంఠతా వచ్చు. మూడవ అంకంలో హ్యారీ హాక్ అనే నటుడు ఒక్కడే వేదికపై మిగిలి, వెళ్లిపోయిన పాత్రను దెప్పిపొడిచే మాటకు పెద్ద నవ్వు పుడుతుంది. తుపాకీ చప్పుడు ఆ నవ్వులో కలిసిపోతుంది. దూకిన తరువాత అడ్డుపడడానికి ఒక్కడే ఉంటాడు. పక్క తెరల వెనుక దారి ఖాళీగా ఉంటుంది. రాత్రి సుమారు పదింబావుకు అధ్యక్షుడి బాక్సు బయట కూర్చున్న సేవకుడికి ఏదో చీటీ చూపించి లోపలికి నడిచాడు. కాపలా కాయవలసిన పోలీసు తన చోట లేడు. పేరున్న నటుడిని థియేటర్‌లో ఎవరు ఆపుతారు? లోపలికి వెళ్లగానే బయటి తలుపుకు ముందే సిద్ధం చేసుకున్న కర్రను అడ్డం పెట్టాడు. ఒకే గుండు పట్టే డెరింజర్ పిస్తోలుతో లింకన్ తల వెనుక కాల్చాడు. లింకన్‌తో పాటు బాక్సులో ఉండి పట్టుకోబోయిన మేజర్ రాత్‌బోన్‌ను కత్తితో పొడిచి, సుమారు 12 అడుగుల ఎత్తు నుంచి వేదికపైకి దూకాడు. బాక్సుకు అలంకరించిన జెండాలో బూటు ముల్లు తగులుకుంది. అతడు 'సిక్ సెంపర్ టిరానిస్' అని అరిచాడు. నిరంకుశులకు ఎప్పుడూ ఇదే గతి అన్న ఆ లాటిన్ వాక్యం వర్జీనియా రాష్ట్ర నినాదం. చాలామంది ప్రేక్షకులు కొన్ని క్షణాల పాటు ఇదంతా నాటకంలో భాగమేననుకున్నారు.

ఆ వాక్యాన్ని ఎప్పుడు అన్నాడన్నదానిపై కూడా సాక్షులకు ఏకాభిప్రాయం లేదు. కాల్చకముందే అన్నానని, దూకినప్పుడు కాలు విరిగిందని బూత్ తన డైరీలో రాసుకున్నాడు. చుట్టూ వెయ్యిమందికి పైగా చూస్తుండగా జరిగిన హత్యలో హంతకుడి మొదటి ఆరాటం, దానిని పత్రికలు సరిగా వర్ణించలేదన్నదే. తాను ధైర్యంగా దెబ్బతీశానని, పత్రికలు చెబుతున్నట్లు కాదని డైరీ మొదట్లోనే సరిదిద్దాడు. నిరాయుధుడైన మనిషిని వెనుక నుంచి కాల్చడాన్ని ధైర్యమని చూపించడానికి, విమర్శను ఖండించే నటుడి గొంతే అతనికి దొరికింది.

లింకన్ థియేటర్ ఎదురుగా ఉన్న ఇంట్లో ఉదయం 7 గంటల 22 నిమిషాలకు కన్నుమూశారు. పావెల్ సీవార్డ్‌ను మంచంపైనే పొడిచినా ఆయన బతికారు. అట్జెరాట్ తాగి వెనక్కి తగ్గాడు. మూడు చావులు కలిస్తేనే అర్థమున్న పథకంలో ఒక్కటే జరిగింది. బూత్ నేవీ యార్డ్ వంతెన దగ్గర కాపలా సార్జెంటుకు తన అసలు పేరే చెప్పి దాటుకున్నాడు. దారిలో హెరాల్డ్ కలిశాడు. తెల్లవారకముందే డాక్టర్ శామ్యూల్ మడ్ ఇంట్లో విరిగిన కాలుకు కట్టు కట్టించుకున్నాడు. ఆపైన మేరీలాండ్ దక్షిణ భాగంలో పైన్ చెట్ల పొదల్లో రోజుల తరబడి దాక్కున్నాడు. థామస్ జోన్స్ అనే దక్షిణాది సానుభూతిపరుడు తిండితో పాటు బూత్ అడిగిన వార్తాపత్రికలు తెచ్చి ఇచ్చేవాడు.

ఆ పత్రికలే అతనికి అందిన సమీక్షలు. పద్యం ముగియగానే 'వన్స్ మోర్' వినబడుతుందని నిలబడ్డ నటుడికి హాలంతా లేచి ఛీకొట్టినట్లైంది. దక్షిణాది పత్రికల్లో కూడా అనేకం హత్యను ఖండించాయి. పత్రికకు రాసిన వివరణ ఎక్కడా అచ్చుకాలేదు. మాథ్యూస్ దానిని చదివి, తన ప్రాణానికి ముప్పు అని ఆ రాత్రే కాల్చివేశాడు. ఆ సంగతి తెలియని బూత్, ప్రభుత్వమే దానిని తొక్కిపట్టిందని అనుమానించాడు. కుక్కలా చిత్తడినేలల్లో తరుముతున్నారని, అందరి చేయీ తన మీదే లేచిందని, బ్రూటస్‌కు గౌరవం తెచ్చినదీ, స్విట్జర్లాండ్ కథల్లోని విలియం టెల్‌ను వీరుడిని చేసినదీ అయిన పనిని చేసిన తనను మాత్రం మామూలు హంతకుడిగా చూస్తున్నారని డైరీలో మొరపెట్టుకున్నాడు. బ్రూటస్‌కు నిజంగా ఏ గౌరవం దక్కిందో, రోమ్‌లో ఆ తరువాత గణతంత్రం ఏమైందో అతనికి గుర్తు రాలేదు. నాటకంలో తన పాత్రకు ఇచ్చిన సంభాషణ మాత్రం చదువుకుని, మిగతా ప్రతి చూడని నటులు ప్రతి కంపెనీలోనూ ఉంటారు.

పొటోమాక్ నది దాటి వర్జీనియా చేరాక మర్యాద దొరుకుతుందనుకున్నాడు. ఏప్రిల్ 23 రాత్రి సంపన్నుడైన డాక్టర్ రిచర్డ్ స్టూవర్ట్ ఇంటి తలుపు తట్టాడు. ఆయన తిండి పెట్టించాడు గాని ఇంట్లో పడుకోనివ్వలేదు. అక్కడి నుంచి బూత్, హెరాల్డ్ స్వేచ్ఛాజీవి అయిన విలియం లూకాస్ అనే నల్లజాతి రైతు గుడిసెకు వెళ్లి, కత్తి చూపి బెదిరించి, ఆ కుటుంబాన్ని బయటికి పంపి రాత్రంతా అక్కడ పడుకున్నారు. లూకాస్ భార్య జబ్బుగా ఉందన్నా వినలేదు. ఉదయాన్నే ఆ గుడిసెలోనే బూత్ డైరీ కాగితం చింపి స్టూవర్ట్‌కు ఒక చీటీ రాశాడు. ఆతిథ్యంలో మర్యాద లేకపోతే విందుకు రుచి లేదన్న అర్థం వచ్చే 'మాక్‌బెత్' మాటలు ఉటంకించి, తిన్న తిండికి డబ్బు జతచేశాడు. మొదట 5 డాలర్లు అని రాసి, అది తన స్తోమతకు ఎక్కువనుకుని, రెండవ చీటీలో రెండున్నర డాలర్లకు తగ్గించాడు. తనకు పడకనివ్వని తెల్లదొర ప్రవర్తన అతనికి షేక్స్‌పియర్‌ను ఉటంకించేంత అవమానం. మంచం దిగి చలిలో బయట గడిపిన నల్లజాతి కుటుంబం గురించి ఆ చీటీలో ఒక్క మాట లేదు. బూత్ ఏ ఆదర్శం కోసం చంపాడో తెలుసుకోవడానికి అతని డైరీలోని రోమన్ ఉపమానాలకన్నా ఈ ఒక్క రాత్రి ఎక్కువ ఉపయోగపడుతుంది.

పట్టిచ్చినవారికి ప్రకటించిన మొత్తం 1,00,000 డాలర్లలో బూత్ తలకే 50,000. ఏప్రిల్ 26 తెల్లవారుజామున పోర్ట్ రాయల్ దగ్గర గారెట్ అనే రైతు పొగాకు కొట్టంలో అతడిని అశ్వదళం చుట్టుముట్టింది. హెరాల్డ్ లొంగిపోయాడు. బూత్ లోపలి నుంచి కాలు విరిగినవాడికి ద్వంద్వయుద్ధానికి అవకాశమిమ్మని, సైనికులు కొన్ని గజాలు వెనక్కి జరిగితే ఒక్కొక్కరితో పోరాడతానని బేరమాడాడు. 'మూడవ రిచర్డ్' చివరి అంకంలోని ద్వంద్వయుద్ధం ఇంకా అతనిని వదల్లేదు. కొట్టానికి నిప్పు పెట్టారు. గోడ సందులోంచి సార్జెంట్ బోస్టన్ కార్బెట్ కాల్చిన గుండు మెడలో దిగింది. అరుగు మీద పడుకోబెట్టాక, దేశం కోసం చనిపోయానని అమ్మకు చెప్పమన్నాడు. పక్షవాతం వచ్చిన చేతులను తనకు చూపమని అడిగి, వాటిని చూస్తూ 'పనికిరానివి, పనికిరానివి' అని కన్నుమూశాడు. వయసు 26. జేబులో ఐదుగురు స్త్రీల ఫొటోలు ఉన్నాయి. వారిలో లూసీ హేల్ అనే అమ్మాయి బానిసత్వాన్ని జీవితమంతా ఎదిరించిన సెనేటర్ కూతురు. అదే రోజు నార్త్ కరోలినాలో జనరల్ జాన్‌స్టన్ మిగిలిన పెద్ద దక్షిణాది సైన్యంతో లొంగిపోయాడు. బూత్ ఊపిరి పోయాలనుకున్నది ఆ సైన్యానికే.

సైనిక న్యాయస్థానం ఎనిమిదిమందిని విచారించింది. మేరీ సరాట్, పావెల్, హెరాల్డ్, అట్జెరాట్‌లను జులై 7న ఉరితీశారు. అమెరికా కేంద్ర ప్రభుత్వం ఒక స్త్రీకి మరణశిక్ష అమలు చేయడం అదే మొదటిసారి. ఆమెకు హత్య పథకం ఎంతవరకు తెలుసన్నది నేటికీ చరిత్రకారుల మధ్య తెగని వివాదం. రాజకీయంగా చూస్తే, గుడ్ ఫ్రైడే నాడు కాల్చి బూత్ లింకన్‌ను అమరుడిని చేశాడు. మరోవైపు అధ్యక్షుడైన జాన్సన్ ఓడిన దక్షిణాదికి ఉదారంగా క్షమాభిక్షలు పెట్టి, నల్లవారి ఓటు హక్కును అడ్డుకున్నాడు. ఆ రాష్ట్రాలు వెంటనే నల్లవారిని కట్టడి చేసే చట్టాలు తెచ్చాయి. ఈ ఫలితాన్ని చూసి కుట్ర సఫలమైందనే వారున్నారు. కాని జాన్సన్ కూడా ఆ రాత్రి చావవలసిన జాబితాలోనే ఉన్నాడు. బూత్ లెక్కలో లేని ఫలితాన్ని అతని ఖాతాలో వేయడం సరికాదు. ఆ చట్టాలకు ప్రతిగానే కాంగ్రెస్ 14వ, 15వ రాజ్యాంగ సవరణలతో పౌరసత్వాన్ని, ఓటు హక్కును రాజ్యాంగంలోకి ఎక్కించింది. ఏప్రిల్ 11 రాత్రి బూత్ భయపడ్డది సరిగ్గా దానికే.

నటుల లోకంపై పడ్డ దెబ్బ వేరు. నాటకశాలలను పాపకూపాలని తిట్టే మతబోధకులకు మంచి ఆధారం దొరికింది. థియేటర్ యజమాని జాన్ ఫోర్డ్‌ను వారాల తరబడి జైల్లో ఉంచారు. అన్న జూనియస్, ఏషియా భర్త కూడా జైలుకు వెళ్లారు. ఏషియా ఇంగ్లాండుకు వెళ్లిపోయి, తమ్ముడి జ్ఞాపకాలను రహస్యంగా రాసింది. అవి ఆమె మరణించిన యాభై ఏళ్లకు, 1938లో వెలువడ్డాయి. ఎడ్విన్ మళ్లీ నటించనని అనుకున్నా, 1866 జనవరిలో హామ్లెట్‌గా తిరిగివచ్చినప్పుడు ప్రేక్షకులు లేచి నిలబడి స్వాగతించారు. తమ్ముడు కోరుకున్న చప్పట్లు అన్నకు దక్కాయి. తమ్ముడి పేరు తన ముందు ఎత్తడానికి ఆయన ఎవరినీ అనుమతించేవాడు కాదు.

ఫోర్డ్స్ థియేటర్‌ను ప్రభుత్వం స్వాధీనం చేసుకుని కార్యాలయంగా మార్చింది. 1893 జూన్ 9న ఆ భవనంలో అంతస్తులు కూలి 22 మంది గుమాస్తాలు చనిపోయారు. న్యూయార్క్‌లో ఎడ్విన్ అంత్యక్రియలు జరిగినది ఆ రోజే. ఆ భవనం 1968లో మళ్లీ నాటకశాలగా తెరుచుకుంది. డెరింజర్ పిస్తోలు, పుటలు చిరిగిన డైరీ కింది అంతస్తులోని మ్యూజియంలో ఉన్నాయి. పైన నాటకాలు ఆడుతూనే ఉన్నాయి. వేదికకు పక్కన ఉన్న ఆ బాక్సులో మాత్రం ఎవరినీ కూర్చోనివ్వరు.